చింతగింజ పడని గడి

“ఏమే, ఏదన్నా మాట్లాడు” అన్నాడు.

“ఏం మాట్లాడమంటావు?” అన్నా.

మా ఆయనకీ నాకూ ఆఖరి మాటలు ఇవే. నేను వసారాలో కూర్చోని చేటలో బియ్యం చెరుగుతా ఉండా. ఆయన గోడకల్లా తిరిగి మంచంలో పడుకోని ఉండాడు. ఏం మాట్లాడమంటాడో చెప్తాడులే అని చేట ఆపి చూసినా. చెప్పలా. కునుకు పట్టిందేమో అనుకున్నా. బియ్యం చెరిగి, రాళ్లేరి, పొయ్యిమీద ఎసరు పెట్టి వచ్చి చూస్తే మనిషి అట్టనే ఉండాడు, ఆయన లేడు. కుడిచెయ్యి మంచం పట్టెమీద ఉంది. వేళ్లు కొంచెం వంగి, దేనిమీదో ఆనించినట్టుగా ఉండాయి.

ఆయన కాడ టైపు నేర్చుకున్న పిల్లలు కొందరు నెల్లూరులో ఉద్యోగాల్లో ఉండారు. వాళ్లంతా చేరి ఆయన గుర్తుకని చిన్న పుస్తకం ఏస్తారంట. “అమ్మా, నువ్వు గూడా నాలుగు మాటలు చెప్పాల” అని కబురు పెట్టినారు. నాకు నా పేరు కూడబలుక్కోని రాసేదానికి తప్ప చదువు లేదు. అందుకని నేను చెప్తా ఉంటే మా తమ్ముడి కూతురు రాస్తా ఉంది. అమ్మే, నేను ఎట్ట చెప్తే అట్ట రాయి. బాగుచెయ్యబాక.

అల్లూరులో మా ఆయన్ని పేరుపెట్టి పిలిచినోళ్లు ఎవురూ లేరు. అందరికీ మిషనయ్యవారు. మా అత్తకి పెద్దోడు. నాకు “ఏమయ్యా”. ఆఫీసుల్లో సంతకం పెట్టాల్సి వస్తే ఇంగిలీషులో పెట్టేవాడు. తెలుగులో ఆయన పేరు అటకమీద పెట్టి మరిచిపొయ్యిన ఇత్తడి చెంబు మాదిరి, ఉంది గానీ వాడకంలో లేదు.

సన్నగా ఉండేవాడు. గోళ్లల్లో నూనె మడ్డి. ఎంత సున్నిపిండి పెట్టి రుద్దినా పొయ్యేది కాదు. “ఆ చేత్తో అన్నం ఎట్ట కలుపుతావయ్యా” అంటే, “నూనే గదా, నెయ్యేసుకున్నాననుకో” అనేవాడు. ఆ చేతివేళ్లు ఊరికే ఉండేవి కావు. అన్నం వడ్డించేలోగా కంచం అంచుమీద కొట్టుకుంటా ఉండేవి. బస్సులో కూర్చుంటే మోకాలిమీద. ఎవురన్నా మాట్లాడతా ఉంటే వాళ్ల మాటల్ని గాలిలోనే వేళ్లతో కొట్టుకునేవాడు. మా పెండ్లయిన కొత్తల్లో మా అత్తతో చెప్పినా, “మీ అబ్బాయికి వేళ్లు అదురుతా ఉండాయి, ఏదన్నా జబ్బేమో” అని. ఆమె నవ్వింది. “జబ్బే. మందు లేదు. నువ్వు అలవాటు పడాల” అనింది.

అంగడని పేరు. చిన్న గది, ముందు తాటాకు పంచ. లోపల మూడు టైపు మిషన్లు. పొద్దున పిల్లలొచ్చి నేర్చుకొని పొయ్యేవాళ్లు. మిగతా పొద్దంతా పాడైన మిషన్ల పని. మాది ఉప్పుగాలి ఊరు. సముద్రం కనపడకపొయినా దాని గాలి ఇనుముని ఊరికే ఉండనీదు. ఉప్పు కొటారు ఆఫీసులో మిషను నెలకొకసారి తుప్పుపట్టి బిగుసుకునేది. దాన్ని మోసుకొచ్చి, కిరసనాయిలుతో కడిగి, కొబ్బరినూనె పెట్టి, చెవి ఆనించి బండి లాగి వినేవాడు. మిషను పైన కాయితం పెట్టుకొని అటూ ఇటూ పొయ్యేదాన్ని బండి అంటారు. అది సరిగ్గా కదిలితే ఏదో శబ్దం వస్తదంట. మిషను దగ్గు తగ్గింది అనేవాడు.

ఒక సంగతి చెప్తా, ఆయన శిష్యులకి గూడా తెలుసో తెలీదో. ఆయన ఇంగిలీషు టైపు కొడతా ఉంటే జల్లెడలో బియ్యం పోసినట్టుండేది. తప్పు పొయ్యేది కాదు. కానీ ఆ కొట్టిందాంట్లో ఏముందో ఆయనకి తెలీదు. చదివింది తక్కువ. అక్షరాలు తెలుసు, మాటలు తెలీవు. ఒకసారి కోడూరు పక్కన రేవు నించి వల లాగేవాళ్లు ఒక కాయితం తెచ్చినారు. “అయ్యవారూ, ఇది నువ్వు కొట్టిందేనంట, ఏముందో చెప్పు” అన్నారు. తిప్పి తిప్పి చూసినాడు. “కొట్టింది నేనే. ఏముందో మాత్రం నాకూ తెలీదు నాయనా” అన్నాడు. వాళ్లు నమ్మలా. చెప్పడం ఇష్టం లేక దాటేస్తా ఉండాడనుకున్నారు. “నీ చేత్తో కొట్టినావు, నీకు తెలీకపోతే ఇంకెవురికి తెలుసు” అని కోపంగా పొయ్యినారు.

ఆ రోజు అన్నం దగ్గర కంచం మీద వేళ్లు ఆడలా.

“వేళ్లకి తెలుసు, నాకు తెలీదు” అన్నాడు. “ఇంతకాలం కొట్టినా. నాకు అర్థమయ్యే మాట ఒక్కటన్నా కొట్టి చావాల గదే.”

అప్పట్నించి పట్టుకుంది ఆ పిచ్చి. తెలుగు కొట్టే మిషను కావాల.

అప్పుడప్పుడే ఆఫీసుల్లో తెలుగొస్తదని అనుకుంటా ఉండారు. ఆ కాలానికి మిషన్లలో అక్షరాలు మార్చే పని ఆయనకి కొత్త కాదు. బియ్యం మిల్లు వాళ్లు పుట్టికీ తూముకీ గుర్తులు కావాలంటే ఏసిచ్చినాడు. నయాపైసలొచ్చినప్పుడు పాత అణాల గుర్తు తీసేసి కొత్తది పెట్టమని ఊరూరా పిలిచినారు. కడ్డీ చివర అంటించుండే పాత అచ్చుని కాల్చి ఊడదీసి, కొత్త అచ్చు అతికించడం. అది చేసేటప్పుడు ఒక మాట అనేవాడు. “మిషనులో అరుగులు ఇన్నే ఉంటాయి. ఒకర్ని కూర్చోబెట్టాలంటే ఒకర్ని లేపాల.” పిల్లలకి గూడా ఈ మాటే చెప్పేవాడు. వాళ్లకి గుర్తుండే ఉంటది.

ఇంగిలీషుకి అరుగులు సరిపొయ్యినాయి. తెలుగుకి ఎట్ట సరిపోతాయి? అక్షరాలకి గుడులు, కొమ్ములు, సున్నాలు, కింద వత్తులు. “మన తెలుగు పెండ్లికి పొయ్యే కుటుంబం మాదిరి, ఒకరు బయల్దేరితే వెనక నలుగురు” అనేవాడు. గుడి కొట్టినప్పుడు బండి కదలకూడదంట, అక్షరం నెత్తిమీద కూర్చోవాలంట. దానికోసం లోపల ఏదో పన్ను అరగదీసినాడు. నెల్లూరులో ఒక ప్లీడరు పాతబడిందని వదిలేసిన మిషను తెచ్చుకున్నాడు. అక్షరాలు ఇత్తడిలో చెక్కేదానికి కంసాలిని కుదుర్చుకున్నాడు. అద్దంలో కనపడేటట్టు తిరగేసి చెక్కాల. కంసాలి “ముక్కుపుడక చేసేదే నయం అయ్యవారూ” అని తిట్టుకుంటా చేసేవాడు.

అవన్నీ కుదిరినాయి. కుదరంది ఒక్కటే. ఏ అక్షరానికి అరుగివ్వాల, దేన్ని బయట నిలబెట్టాల? ఇచ్చినదాన్ని ఏ వేలు కింద పెట్టాల? చూపుడువేలికి బలమెక్కువ, ఎక్కువ వచ్చే అక్షరాలు దానికి. చిటికెనవేలు నీరసం, ఎప్పుడన్నా వచ్చేవి దానికి. ఏవి ఎక్కువొస్తాయో తెలియాలంటే లెక్క పెట్టాల. పుస్తకాలు చూసి లెక్కపెట్టమన్నారు ఎవురో. ఆయన ఒప్పుకోలా.

“పుస్తకంలో మాటలు ఎవురు మాట్లాడతారు? మనిషి నోట్లోంచి వచ్చేది కావాల” అన్నాడు. ఆ మనిషి నేను.

వసారా అరుగుమీద సుద్దముక్కతో గళ్లు గీసినాడు. ఒక్కో గడిలో ఒక అక్షరం రాసినాడు. గంపెడు చింతగింజలు పక్కన పెట్టుకున్నాడు. “నువ్వు పని చేసుకుంటా మాట్లాడు” అన్నాడు. నేను మాట్లాడేదాంట్లో ఏ అక్షరం వస్తే ఆ గడిలో ఒక గింజ. మొదట్లో నాకు నోరు రాలా. మొగుడు ఎదురుగా కూర్చోని మాట్లాడు మాట్లాడు అంటే ఏం మాట్లాడతాం? వీధిలో పొయ్యే ఆడోళ్లు తొంగిచూసి నవ్వినారు. “ఏమే, మొగుడూ పెళ్లాం వామనగుంటలు ఆడతా ఉండారా, ఎవురు గెలిచినారు?” అన్నారు. వాళ్లమీద నాకు కోపమొచ్చి తిట్టినా. గబగబా గింజలు పడినాయి.

“ఇంకొంచెం తిట్టు” అన్నాడు ఆయన. “తిట్లలో వత్తులు బాగా పడతా ఉండాయి.”

తర్వాత అలవాటైపొయ్యింది. పొద్దున చేపలమ్మితో బేరం, కోళ్లని అదిలించడం, పక్కింటి బర్రె మా పాదులో పడితే ఆ రాద్ధాంతం, పులుసులోకి మామిడికాయ ఏసేదా చింతపండు పోసేదా, అన్నీ బయటికే మాట్లాడేదాన్ని. ఆయన మాట అడ్డం రానిచ్చేవాడు కాదు. ఉట్టి గింజల చప్పుడు. నా బతుకులో నేను మాట్లాడతా ఉంటే ఒక మగమనిషి కదలకుండా కూర్చోని విన్నది అప్పుడే. అందుకే చెప్తా ఉండా, అవి మంచి రోజులు. వేరే మంచి రోజులు మాకు లేవు. పిల్లలు పుట్టి దక్కలా. ఆ సంగతి ఇందులో వద్దులే.

నాకు అక్షరాలు తెలిసింది గూడా అట్టనే. ఎత్తుగా కుప్ప పడేది ల, దాని పక్కన కుప్ప న, చిన్న కుప్ప శ. కుప్పలు చూసి గుర్తుపట్టేదాన్ని. గింజలు తీసేస్తే మళ్లీ తెలిసేది కాదు. గడపపక్కన ఒక గడి ఉండేది. దాంట్లో ఎప్పుడూ గింజ పడేది కాదు. ఖాళీగా ఉంటదని నేను నీళ్లచెంబు దానిమీద పెట్టుకునేదాన్ని. ఆయన గూడా ఏమనేవాడు కాదు.

ఎండలు పొయ్యి వానలు వచ్చి, మళ్లీ ఎండలు వచ్చేదాకా ఆడినాం ఆ ఆట. చివరికి కుప్పల ఎత్తు చూసి వరస కుదిర్చినాడు. గింజ పడని అక్షరాలు కొన్నిటిని పక్కకి తోసినాడు. గడపపక్క గడిని చూపించి, “దీంతో ఎవురికీ పని లేదు, నువ్వింత మాట్లాడితే ఒక్కసారి రాలా” అన్నాడు. ఆ అరుగు ఇంకోదానికి ఇచ్చేసినాడు. మిషను తయారైంది. మొట్టమొదట కొట్టింది నేను చేపలమ్మిని తిట్టిన తిట్టు. చదివి వినిపించి, ఆయన నవ్వినాడు. కంట్లో నీళ్లు గూడా వచ్చినాయి. “అర్థమైందే. కొట్టేటప్పుడే అర్థమైంది” అన్నాడు.

హైదరాబాదు నించి పెద్ద ఆఫీసరు నెల్లూరుకి వస్తాడు, తెలుగు మిషన్లు ఎట్ట ఉండాలో చూసేదానికి, ఎవురన్నా చేసినోళ్లుంటే తెచ్చి చూపించొచ్చు అని ఉప్పాఫీసు గుమాస్తా చెప్పినాడు. ఆయన చేసిన వరస నచ్చితే అన్ని ఆఫీసుల్లోకి అదే పెడతారంట. మా ఆయన అన్నం మానేసినాడు. మానేసినాడంటే, కంచం ముందర కూర్చునేవాడు, వేళ్లతో వరస కొట్టుకుంటా ఉండేవాడు, అన్నం ఆరిపొయ్యేది.

“నువ్వు గూడా రావాల” అన్నాడు నన్ను.

“నేనెందుకయ్యా ఆఫీసుకి?”

“నువ్వు మాట్లాడతావు, నేను కొడతా. ఊళ్లో మామూలు మనిషి ఎంత వడిగా మాట్లాడినా పట్టుకుంటదని వాళ్లు చూడాల.”

మిషనుని నా పాత చీరలో చుట్టి బస్సెక్కించినాం. పెన్న వంతెనమీద బస్సు ఎగిరెగిరి పడతా ఉంటే పసిబిడ్డని పట్టుకున్నట్టు ఒళ్లో పట్టుకున్నాడు. వేళ్లు దానిమీద ఆడతానే ఉండాయి.

ఆఫీసరు మంచోడే. నేను అబద్ధం చెప్పను. కుర్చీ ఏసి నన్ను గూడా కూర్చోమన్నాడు. “ఏమ్మా, మీరు చెబితే ఆయన కొడతారా? ఏం చెబుతారు?” అన్నాడు. నేను మా ఆయన పక్క చూసినా. మా ఆయన నా పక్కకి తిరగకుండానే, “చేపలమ్మి వచ్చిందనుకో” అన్నాడు మెల్లగా.

అనుకున్నా. నిన్న తెచ్చిన చేప ఇయ్యాల తెచ్చి నా నెత్తిన రుద్దతా ఉండావా, దాని కండ్లు చూస్తే నాకంటే ముందు పుట్టినట్టుంది, అని మొదలుపెట్టినా. ఆఫీసరు నవ్వినాడు. గుమాస్తాలు వచ్చి చుట్టూ నిలబడినారు. నేను ఆగలా. ఆయన వేళ్లు గూడా ఆగలా. కాయితం తీసి ఆఫీసరు పైకి చదివినాడు. నేనన్న మాట అన్నట్టే ఉంది. నా మాటలు కోటు ఏసుకున్న మనిషి నోట్లోంచి వస్తా ఉంటే, ఇవి నావేనా అని ముందుకి వంగి విన్నా. ఒక గుమాస్తా, “అయితే చేప కొన్నారా అమ్మా?” అన్నాడు. “పులుసు గూడా పెట్టినా” అన్నా. అందరూ నవ్వినారు. మా ఆయన గూడా నవ్వినాడు. నేను చూసిన ఆఖరి నవ్వు అది.

ఆఫీసరు కాయితం మళ్లీ మిషనులో పెట్టించినాడు. “చాలా బాగుంది. కింద మీ పేరు, ఊరు కొట్టి ఇవ్వండి, ఎవరు చేశారో మాకు తెలియాలి కదా” అన్నాడు.

మొదటి అక్షరం పడింది. రెండోదానికి చిటికెనవేలు లేచింది. లేచి గాలిలో ఆగింది. పక్కకి పొయ్యింది, వెనక్కి వచ్చింది. దిగలా.

“ఏమయ్యా, పేరు మరిచిపొయ్యినావా?” అన్నాడు గుమాస్తా.

ఆఫీసరు నావైపు తిరిగినాడు. “మీరన్నా చెప్పండమ్మా, మీ ఆయన పేరేమిటి?”

నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నా. వాళ్లు ఇంకా నవ్వినారు. మా ఆయన నవ్వలా. నా పక్కకి తిరిగి, నా నోటికి అడ్డమున్న కొంగునే చూస్తా ఉండిపొయ్యినాడు. అప్పుడు అర్థమైంది ఆయనకి. నాకు గూడా అప్పుడే అర్థమైంది.

చిన్నపిల్లలు గూడా చదువుతారు గనక విడదీసి చెప్తా. నేను కాపరానికొచ్చిన రోజే మా అత్త చెప్పింది, మొగుడి పేరు పలికితే ఆయుష్షు తగ్గుతదని. పేరే కాదు, పేరు తగిలే మాట గూడా దాటుకొని పోవాల. ఆయనది రాములవారికున్న పేర్లలో ఒకటి. భజనలో ఆ పేరు వచ్చేసరికి నేను నోరు మూసుకొని తాళం ఏసేదాన్ని. దాంట్లో ఒక అక్షరం ఉంది. ఊపిరి గట్టిగా వదిలి పలకాలంట. వంటింట్లో తాలింపు వాసన వస్తే అందరూ రెండుసార్లు కలిపి ఒక మాట అంటారే, దాంట్లో ఉంది. నేను “వాసన కొడతా ఉంది” అంటా. మబ్బుకి పురాణం చెప్పే ఆయన వాడే మాటలో ఉంది. నాకు మబ్బు మబ్బే. కొరివికారం నాలిక్కి తగిలితే అనే మాటలో ఉంది. నేను మంట అంటా. ఆ అక్షరం వచ్చేవి ఏవో కొన్ని మాటలు. వాటినన్నిటినీ పల్లేరు ముళ్లని దాటినట్టు దాటుకుంటా నడిచినా. దాటుతా ఉండానని నాకే తెలీనంత అలవాటైపొయ్యింది. గడపపక్కన గడి అదే. నేను నీళ్లచెంబు పెట్టుకున్నది ఆయన పేరు మీద.

దీంట్లో నా తప్పుందని నేను అనుకోను. పెద్దోళ్లు చెప్పినట్టు నడిచినా. ఆయన తప్పు గూడా లేదు. జరిగింది చెప్తా ఉండా, అంతే.

ఆఫీసరు మెత్తగానే అన్నాడు. “ఒక్క అక్షరమే కదండీ, పెట్టేయండి.”

“అరుగు ఖాళీ లేదండీ. దాన్ని కూర్చోబెట్టాలంటే ఒకదాన్ని లేపాల” అన్నాడు మా ఆయన.

“ఎవరిని లేపుతారు మరి?”

  మా ఆయన మిగతా అక్షరాలు కొట్టి, ఆఫీసరు కాడ కలం అడుక్కొని, ఖాళీ వదిలిన చోట చేత్తో రాసి ఇచ్చినాడు. కలం పట్టుకుంటే ఆయన రాత ఎట్ట ఉంటదో నేను చూసింది అప్పుడే. పిల్లోడి రాత మాదిరి వంకరగా ఉంది. “సరే, రాసి పంపుతాం” అన్నారు. మేం మిషనుకి చీర చుట్టుకొని వచ్చేసినాం.

బస్సులో ఒళ్లో మిషను పెట్టుకొని కూర్చున్నాడు. వంతెన దాటినా వేళ్లు కదల్లా. నేనే అన్నా, “ఎక్కువ రానిది ఏదో ఒకటి తీసేసి అది పెట్టరాదా?”

కిటికీలోంచి చూస్తానే చెప్పినాడు. “పెట్టొచ్చు. అది కాదు. లెక్కే తప్పు. నీ నోరు కొలపాత్ర అనుకున్నా. దానికి మూతుందని చూసుకోలా. నువ్వు తెలిసి దాటిన మాట ఇది. తెలీకుండా దాటినవి ఎన్ని ఉండాయో నీకూ తెలీదు, నాకూ తెలీదు.”

నాకు కోపమొచ్చింటే బాగుండు. రాలా. ఆయన చెప్పింది నిజమనిపించింది. నేను బతుకంతా మాట్లాడకుండా దాటుకున్నవి గుర్తొచ్చినాయి. వాటికి ఏ గడి గీస్తాడు, ఏ గింజ ఏస్తాడు.

ఇంటికొచ్చినాక చింతగింజలు గంపకెత్తి, బర్రెలకి ఉడకబెట్టమన్నాడు. ఉడకబెట్టినా. అవి తింటా ఉంటే గోడకి ఆనుకోని చూసినాడు. అరుగుమీద సుద్దగీతలు నేనే పేడనీళ్లతో అలికేసినా. చెరపమని ఆయన చెప్పలా, ఉంచమనీ చెప్పలా.

హైదరాబాదు నించి జవాబేం రాలా. ఒక అక్షరం లేకపొయ్యేసరికి వద్దనుకున్నారో, ముందే ఇంకేదో అనుకోని ఉండారో, ఎవురూ చెప్పలా. వద్దని ఒక్క మాట రాసినా ఆయన నిద్రపొయ్యేవాడేమో. తర్వాత కొన్నాళ్లకి కంపెనీలో చేసిన తెలుగు మిషను మా ఊరి ఆఫీసుకి వచ్చిందని తెలిసి చూసేదానికి పొయ్యినాడు. అక్కడి గుమాస్తా చెప్పినాడు నాకు. కాయితం పెట్టమన్నాడంట. అటూ ఇటూ వెతికి ఆ ఒక్క అక్షరం కొట్టినాడంట. అది పడిందంట. “ఉంది” అన్నాడంట. లేచి వచ్చేసినాడంట.

తర్వాత పిల్లలకి ఇంగిలీషు టైపు నేర్పించినాడు. మిషన్లు బాగుచేసినాడు. ఆయన్ని చూసినోళ్లెవురికీ తేడా తెలియదు, మీకు గూడా తెలిసుండదు. నాకు తెలుసు. వేళ్లు ఆగిపొయ్యినాయి. కంచం దగ్గర ఒళ్లో పెట్టుకొని కూర్చునేవాడు, ఎవురో దాచుకొమ్మని ఇచ్చిన వస్తువులు మాదిరి. నేను మాట్లాడితే విన్నట్టే ఉండేవాడు, వినేవాడు కాదు. నన్ను మాట్లాడమని అడగడం మానేసినాడు. ఆ తెలుగు మిషనుని మూలన పెట్టినాడు. దానికి కొబ్బరినూనె పెట్టలా. అందరి మిషన్లకీ పెట్టిన మనిషి దానికి పెట్టలా. నేను పెడదామని పొయ్యినా ఒకసారి. “వద్దులే, గాలి పని గాలి చేసుకోనీ” అన్నాడు. బండి బిగుసుకుంది, కడ్డీలు ఒకదానికొకటి అతుక్కుపొయ్యినాయి. ఇప్పుడు ఏ మీట నొక్కినా ఏదీ లేవదు. పుస్తకంలో దాని బొమ్మ ఏస్తామని అడిగినారు. వచ్చి తీసుకోండి. దాంట్లో చూసేదానికి తుప్పు తప్ప ఏం లేదు.

దగ్గు పట్టుకుంది. నెల్లూరు ఆసుపత్రికి పోదామంటే “బస్సెక్కను” అన్నాడు. మంచం పట్టినాడు. ఒకరోజు, అన్నేళ్ల తర్వాత, ఏదన్నా మాట్లాడు అన్నాడు. ఆయనకి ఏం వినాలనిపించిందో నాకు తెలీదు. చేపలమ్మి తిట్లా, ఆ పేరా. ఆలోచించి ఆలోచించి అలిసిపొయ్యినా. తెలిసేది కాదిది.

ఆయుష్షు తగ్గుతదని పలకలేదు. ఆయుష్షూ నిలవలా.

మొగుడు పొయ్యినాక చెప్పొచ్చులే, దోషం లేదు అని చుట్టుపక్కల ఆడోళ్లు అంటా ఉండారు. పొయ్యిన వారం ఇంట్లో ఎవురూ లేనప్పుడు తలుపేసుకొని పలుకుదామని కూర్చున్నా. మొదటి అక్షరం వచ్చింది. రెండోదాని దగ్గర నోరు తెరుచుకొని అట్టనే ఉండిపొయ్యింది, గాలి తప్ప ఏం రాలా. ఇప్పుడొచ్చినా పలికేది నేను, వినేది నేను. ఎవురికి పనికొస్తది.

పైన ఆయన పేరు రాయాలి గదా అత్తా అంటా ఉండావు. నువ్వు రాసుకోమ్మే, నీకేం పట్టింపు లేదు గదా. నేను చెప్పిన దాంట్లో మాత్రం రాయబాక. ఇంక చెప్పేది లేదు. మొదట్నించీ చదివి వినిపించు. తొందరపడబాక. ఆయన పేరు రావాల్సిన కాడల్లా కాసేపు ఆగి, మళ్లీ చదువు.